ఆట ఏడున్నరకు, తిరుగు బండి ఎన్నింటికి?

ఊరు దాటి వెళ్లి ఫుట్‌బాల్ చూడటం ఖరీదైపోయిందన్న మాట ఇప్పుడు తరచూ వినిపిస్తోంది. మాట నిజమే. అయితే నెల్లూరు నుంచో ఒంగోలు నుంచో చెన్నై వెళ్లి మ్యాచ్ చూసే కుర్రాడి ఖర్చును విడదీసి చూస్తే, దోషం అందరూ అనుకునే చోట కనపడదు. స్టేడియం టికెట్ ఒక్కసారి కొనేదే. రైలు చార్జీ పెరిగింది కొంచెమే. జేబు ఖాళీ అయ్యేది రిఫరీ ఆఖరి విజిల్ వేశాక, రాత్రి తొమ్మిదిన్నర నుంచి తెల్లవారే లోపు. ఆ ఖర్చును నిర్ణయించేది మ్యాచ్ మొదలయ్యే వేళ, ఆ వేళను ఎన్ని రోజుల ముందు ప్రకటించారన్న సంగతి.

చెన్నైకే ఎందుకు వెళ్లాలంటే, దగ్గర్లో మరో దారి లేదు. 2021-22లో ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) ట్రోఫీ గెలిచిన హైదరాబాద్ ఎఫ్‌సీ 2025లో ఢిల్లీకి తరలిపోయింది. 1956 ఒలింపిక్స్, 1962 ఆసియా క్రీడల భారత జట్లను తీర్చిదిద్దిన కోచ్ రహీం సాబ్ ఊళ్లో ఇవాళ దేశవాళీ అగ్రశ్రేణి లీగ్ మ్యాచ్ చూసే వీలు లేదు. శ్రీనిధి డెక్కన్ ఉంది కానీ అది రెండో అంచె. పైగా నెల్లూరు వాళ్లకు హైదరాబాద్ ఒక రాత్రి ప్రయాణం, చెన్నై మూడు గంటలు. చెన్నైయిన్ ఎఫ్‌సీ ఆడే జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియం సెంట్రల్ స్టేషన్‌కు నడక దూరంలోనే, పెరియమేట్‌లో ఉంటుంది. మ్యాప్ మీద చూస్తే ఇంత అనుకూలమైన స్టేడియం మన జిల్లాలకు మరొకటి లేదు.

ముందు రైలు చార్జీల సంగతి తేల్చేద్దాం. 2025 జులై 1న మెయిల్, ఎక్స్‌ప్రెస్ రైళ్ల నాన్ ఏసీ తరగతుల్లో కిలోమీటరుకు ఒక పైసా, ఏసీలో రెండు పైసలు పెంచారు. డిసెంబరు 26న రెంటికీ మరో రెండు పైసలు కలిపారు. నెల్లూరు నుంచి చెన్నైకి 176 కిలోమీటర్లు. నాన్ ఏసీ మనిషికి రెండు పెంపులూ కలిపి పడింది అయిదు రూపాయల చిల్లర. ఆర్డినరీ బండ్లలో 215 కిలోమీటర్ల లోపు ప్రయాణానికి ఆ రెండో పెంపు వర్తించనే లేదు, సబర్బన్ రైళ్ల జోలికి ఎవరూ పోలేదు. దీన్ని చూపించి ‘రైలు చార్జీలు మండిపోతున్నాయి’ అంటే లెక్క ఒప్పుకోదు.

అసలు కథ గడియారంలో ఉంది. ఐఎస్ఎల్ మ్యాచ్‌లు ఎక్కువగా రాత్రి ఏడున్నరకు మొదలవుతాయి. రెండు సగాలు, నడుమ పావుగంట విరామం, ఇంజురీ టైమ్ కలుపుకుంటే ముగిసేసరికి తొమ్మిదిన్నర. గేట్ల దగ్గర తోపులాట దాటి సెంట్రల్ చేరేసరికి పది. ఒకే రోజు రెండు మ్యాచ్‌లున్నప్పుడు మొదటిదాన్ని అయిదింటికి పెడతారు. అది ఏడుకల్లా అయిపోతుంది, అదే స్టేషన్‌కు ఏడున్నరకు చేరొచ్చు. ఈ రెండున్నర గంటల తేడాతో అభిమాని బడ్జెట్ తారుమారవుతుంది. ఏడున్నరకు చేరినవాడికి జనరల్ టికెట్ చాలు, అర్ధరాత్రి లోపు ఇంట్లో ఉంటాడు. పదింటికి చేరినవాడు మూడు దారుల్లో ఒకటి ఎంచుకోవాలి: దూరప్రాంత రైల్లో బెర్తు, మాధవరం నుంచి బస్సు, లేదా లాడ్జి.

బెర్తు దారిలో చాలామందికి తెలియని మెలిక ఒకటుంది. రైల్వేలో ప్రతి తరగతికీ కనీస దూరం అని ఒక లెక్క ఉంటుంది. మీరు అంతకన్నా తక్కువ ప్రయాణించినా ఆ దూరానికి డబ్బు కట్టాల్సిందే. స్లీపర్‌కు అది 200 కిలోమీటర్లు, థర్డ్ ఏసీకి 300. అంటే నెల్లూరులో దిగేవాడు థర్డ్ ఏసీ ఎక్కితే దాదాపు ఒంగోలు దాకా చార్జీ కడుతున్నాడు. ఒంగోలు సుమారు 290 కిలోమీటర్లు కనుక అక్కడి ప్రయాణికుడికి ఇందులో నష్టం లేదు, ఇద్దరి టికెట్ ధరా ఒక్కటే. తత్కాల్‌కు పోతే ఇంకా ఘోరం. తత్కాల్ థర్డ్ ఏసీలో కనీస దూరం 500 కిలోమీటర్లు. దాని మీద తత్కాల్ రుసుం రూ.300 నుంచి 400 వరకు, రిజర్వేషన్ చార్జీ రూ.40, సూపర్‌ఫాస్ట్ అయితే మరో రూ.45. మూడు గంటల నిద్రకు విజయవాడ దాటిపోయేంత చార్జీ! కన్ఫర్మ్ అయిన తత్కాల్ టికెట్‌ను రద్దు చేసుకుంటే పైసా వెనక్కి రాదు. కాబట్టి తత్కాల్ తప్పనిసరైతే స్లీపర్‌లోనే చూడాలి. అక్కడా తత్కాల్ కనీస దూరం 500 కిలోమీటర్లే కానీ, రుసుం రూ.100 నుంచి 200 మధ్యే. ముందు రోజు ఉదయం ఏసీ తరగతులకు పదింటికి, స్లీపర్‌కు పదకొండింటికి తెరుస్తారు. ఐఆర్‌సీటీసీ ఖాతాకు ఆధార్ జోడించి ఉండకపోతే ఆ గంటలో కూర్చుని లాభం లేదు.

మరి ముందే బుక్ చేసుకోవచ్చు కదా అనొచ్చు. 2024 నవంబరు నుంచి రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుచుకుంటోంది. మ్యాచ్ తేదీ, వేళ ఆ 60 రోజుల ముందు ఖాయమైతే కదా! 2025-26 సీజన్ సంగతే చూడండి. హక్కుల ఒప్పందం చిక్కుల్లో పడి, ఏటా సెప్టెంబరు ప్రాంతంలో మొదలయ్యే లీగ్ 2026 ఫిబ్రవరి దాకా కదల్లేదు. షెడ్యూల్ వచ్చేసరికి వారాంతపు రైళ్లు వెయిటింగ్ లిస్టులో ఉంటాయి. తేదీ మారినా, వేళ జరిగినా పాత టికెట్ రద్దు చేసుకోవాలి, కొత్తది తత్కాల్‌లో కొనాలి. లీగ్ వాళ్లు ఒక్క గీత అటూ ఇటూ జరిపితే అభిమాని రెండుసార్లు కడతాడు. స్టేడియం టికెట్ ధర మీద జరిగినంత చర్చ దీని మీద ఎందుకు జరగదో అర్థం కాదు.

జనరల్ టికెట్‌తో తిరిగొచ్చేవాళ్లు ఒక నియమం గుర్తుంచుకోవాలి. 199 కిలోమీటర్ల లోపు అన్‌రిజర్వుడ్ టికెట్ కొన్న మూడు గంటల్లోనో, లేదా ఆ తర్వాత బయల్దేరే మొదటి బండికో ప్రయాణం మొదలుపెట్టాలి. సాయంత్రం స్టేడియానికి పోతూ పోతూ రాత్రికి టికెట్ కొనిపెట్టుకుంటే అది చెల్లకుండా పోతుంది. మ్యాచ్ అయ్యాకే కొనాలి. ఒంగోలు వాళ్లకు ఈ మూడు గంటల పట్టింపు లేదు, వాళ్ల దూరం 199 దాటుతుంది. ఇక పొద్దున వచ్చి బ్యాగు ఎక్కడ పెట్టాలనే సమస్య. స్టేడియంలోకి బ్యాగులు, పవర్ బ్యాంకులు, నీళ్ల సీసాలు సాధారణంగా రానివ్వరు. సెంట్రల్ క్లోక్ రూమ్‌లో పెట్టాలంటే ప్రయాణ టికెట్ చూపాలి, బ్యాగుకు తాళం ఉండాలి. తాళం లేని బ్యాగును తీసుకోరు. చిన్న విషయమే, కానీ దీని దగ్గరే మొదటి సగం పోగొట్టుకునేవాళ్లున్నారు.

బస్సు దారి చూద్దాం. ఆంధ్ర వైపు బస్సులు 2018 నుంచి కోయంబేడు బదులు మాధవరం నుంచి నడుస్తున్నాయి. పెరియమేట్ నుంచి అక్కడికి రాత్రి పది దాటాక ఆటోయో క్యాబో తప్పదు. విజయవాడ, హైదరాబాద్ వెళ్లే ప్రైవేటు బస్సుల్లో సీటు దొరుకుతుంది కానీ మధ్యలో దిగేవాడికి తక్కువ ధర ఇవ్వాలన్న ఆసక్తి వాళ్లకుండదు, ఆదివారం రాత్రి అయితే అసలే ఉండదు. పైగా వాళ్లు ఊళ్లోకి రారు. నెల్లూరైతే అయ్యప్పగుడి దగ్గర, ఒంగోలైతే సౌత్ బైపాస్ దగ్గర రెండింటికో మూడింటికో దింపి వెళ్లిపోతారు. అక్కడి నుంచి ఇంటికి ఆటోవాడు అడిగినంత. ఇటు ఆటో, అటు ఆటో కలిస్తే కొన్నిసార్లు బస్సు టికెట్‌ను దాటుతుంది.

లాడ్జి గురించి ఒక్క మాట. 2022 జులైలో వెయ్యి రూపాయల లోపు గదుల మీద వేసిన 12 శాతం జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి అయిదు శాతానికి దిగింది. స్టేషన్ రిటైరింగ్ రూములు ఇంకా చవక. కానీ వాటిని ఆన్‌లైన్‌లో తీసుకోవాలంటే పీఎన్ఆర్ ఉండాలి, జనరల్ టికెట్‌కు పీఎన్ఆర్ ఉండదు. ఒక వైపైనా రిజర్వేషన్ చేయించుకోవడంలో ఈ లాభం ఉంది.

నలుగురుంటే మాత్రం కారు మాటే సబబు. పోనూ రానూ 350 కిలోమీటర్లు, ఊళ్లో తిరుగుడు మరో ఇరవై. లీటరుకు పదహారు ఇచ్చే బండికి 23 లీటర్లు. లీటరు రూ.110 అనుకుంటే రూ.2,530. వెంకటాచలం, బూదనం, సూళ్లూరుపేట, నల్లూరు కలిపి నాలుగు టోల్‌గేట్లు, రాకపోకలకు ఎనిమిది దాటింపులు. 2025 ఆగస్టు 15న రూ.3,000కు వచ్చిన ఫాస్టాగ్ వార్షిక పాస్‌లో 200 దాటింపులుంటాయి, అంటే ఆ ధర మీద దాటింపుకు పదిహేను, మొత్తం రూ.120. పాస్ సొంత కార్లకే, పసుపు బోర్డు ట్యాక్సీకి వర్తించదు. పాస్ లేనివాళ్లు 24 గంటల్లో తిరిగొస్తే రెండు వైపులా కలిపి ఒకటిన్నర రెట్లే పడుతుంది. వ్యాట్ తేడా వల్ల తమిళనాడులో పెట్రోలు మన కంటే చవక, అందుకే సరిహద్దు దాటేంతే పోయించుకుని మిగతాది తడ అవతల నింపించుకోవాలి. మనిషికి ఏడు వందల దరిదాపుల్లో ముగుస్తుంది. రెండో మనిషి డ్రైవింగ్ తెలిసినవాడై ఉండాలి. రాత్రి పదింటికి బయల్దేరి లారీల మధ్య ఒక్కడే నడపడం డబ్బు లెక్కకు అందని ఖర్చు.

తక్కువలో తక్కువ కావాలంటే సూళ్లూరుపేట దాకా వచ్చి అక్కడి నుంచి సబర్బన్ లోకల్ ఎక్కి, సెంట్రల్ పక్కనే ఉన్న మూర్ మార్కెట్ కాంప్లెక్స్ స్టేషన్లో దిగడం. ఆడపిల్లలకు ఇది ఇంకా కలిసొస్తుంది. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీ శక్తి పథకం కింద ఆంధ్ర ఆర్టీసీ పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు ప్రయాణం ఉచితం కనుక కావలి నుంచైనా కందుకూరు నుంచైనా సరిహద్దు దాకా జీరో టికెట్టే. అంతర్రాష్ట్ర సర్వీసుల్లో చెల్లదు, అందుకే చెన్నై బోర్డు చూసి ఎక్కకూడదు. కానీ ఇదంతా పోయేటప్పటి సుఖం. ఏడున్నర మ్యాచ్ అయ్యాక సూళ్లూరుపేట లోకల్ అందుతుందన్న భరోసా లేదు. గుమ్మిడిపూండి దాకా వచ్చి ఆగిపోతే మిగతా దూరానికి ఆ వేళ సాధనం దొరకదు. కారునో బైకునో గుమ్మిడిపూండిలో ఉంచి లోకల్‌లో వెళ్లే పద్ధతి ఇందుకే మేలు.

పశ్చిమ ప్రకాశం లెక్క వేరు. మార్కాపురం, గిద్దలూరు వాళ్లు చెన్నైకి రావాలంటే ముందు ఒంగోలుకో గుంటూరుకో చేరాలి. వాళ్లకు నంద్యాల మీదుగా ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ ఉంది, నేరుగా బెంగళూరు. అక్కడ బెంగళూరు ఎఫ్‌సీ ఆడే కంఠీరవ స్టేడియం నగరం నడిబొడ్డున ఉంటుంది. దూరం ఎక్కువైనా రాత్రి ప్రయాణం కావడంతో లాడ్జి ఖర్చు ఒక పూట తగ్గుతుంది.

ప్రపంచ కప్ విషయానికొస్తే ఇదే రోగం పెద్ద కొలతలో కనిపిస్తుంది. 2022లో ఖతర్‌లో ఎనిమిది స్టేడియాలూ దోహా చుట్టుపక్కలే. అభిమానులకిచ్చిన హయ్యా ప్రవేశ కార్డు ఉంటే మెట్రో, బస్సు ఉచితం, అక్కడ పనిచేసే బంధువు గదిలో ఉండటానికీ అనుమతి ఉండేది. గల్ఫ్‌లో మనవాళ్లు ఎందరున్నారో చెప్పక్కర్లేదు. 2026 పోటీలను అమెరికా, కెనడా, మెక్సికో మూడు దేశాల్లో 16 నగరాలకు పంచారు. మయామీ నుంచి సియాటిల్‌కు నాలుగు వేల కిలోమీటర్ల పైమాటే. ఫైనల్‌కు ఖతర్‌లో గరిష్ఠ ధర 1,607 డాలర్లయితే, ఈసారి మొదట ప్రకటించిందే 6,730. గిరాకీని బట్టి మారే ధరలు ఆ పైన. ఫిఫా సొంత రీసేల్‌లో అమ్మేవాడి నుంచి 15 శాతం, కొనేవాడి నుంచి 15 శాతం కోత. 200 డాలర్ల టికెట్ చేతులు మారితే కొన్నవాడు 230 కడతాడు, అమ్మినవాడికి 170 వస్తుంది. అమెరికా వీసా రుసుం 185 డాలర్లు, వీసా రాకపోయినా తిరిగి ఇవ్వరు. చెల్లుబాటయ్యే అమెరికా వీసా ఉంటే మెక్సికోకు వేరే వీసా అక్కర్లేదు, కెనడాకు మాత్రం కావాలి. డాలస్‌లో అన్నయ్య ఉన్నాడన్న ధైర్యం కూడా సగమే. అక్కడి స్టేడియం ఉన్న ఆర్లింగ్టన్, మామూలు సిటీ బస్సుల వ్యవస్థ లేని పెద్ద ఊరిగా అమెరికాలోనే పేరుపడింది.

మళ్లీ చెన్నైకి వద్దాం, ఎందుకంటే ఇక్కడ మార్చగలిగినవి ఉన్నాయి. జర్మనీలో చాలా క్లబ్బుల మ్యాచ్ టికెట్టే ఆ రోజు స్థానిక రైలుకీ బస్సుకీ టికెట్. సోమవారం రాత్రి మ్యాచ్‌లు వద్దని అభిమానులు పట్టుబడితే బుండెస్‌లిగా 2021-22 నుంచి వాటిని ఎత్తేసింది. ఇంగ్లండ్‌లో ప్రీమియర్ లీగ్ 2016 నుంచి బయటి జట్టు అభిమానులకు టికెట్ 30 పౌండ్లు దాటకుండా కట్టడి చేసింది. అంత దూరం ఎందుకు, చెన్నైలోనే సూపర్ కింగ్స్ మ్యాచ్ టికెట్ చూపిస్తే మెట్రో ఉచితంగా ఎక్కించుకున్న సీజన్లున్నాయి. క్రికెట్‌కు కుదిరింది ఫుట్‌బాల్‌కు కుదరదనడానికి కారణం కనిపించదు. అయితే మన జిల్లాల వాళ్లకు మెట్రో కన్నా మ్యాచ్ రాత్రి సూళ్లూరుపేట దాకా ఒక ఆఖరి లోకల్, అక్కడి నుంచి నెల్లూరుకు ఒక బస్సు ఎక్కువ అక్కరకొస్తాయి.

వేళ సంగతిలో లీగ్ వాదన కూడా కొట్టిపారేయదగ్గది కాదు. అయిదింటికి చెన్నై ఎండలో, ఉక్కలో ఆడించడం ఆటగాళ్లకు శిక్షే. టీవీకి ఏడున్నరే ఇష్టం. ఆదివారం మ్యాచ్‌లనైనా ఆరింటికి పెట్టి, ఆ షెడ్యూల్‌ను రిజర్వేషన్ తెరుచుకునే 60 రోజుల ముందే ప్రకటిస్తే ఎనిమిదికి ఆట ముగుస్తుంది, ఎనిమిదిన్నరకు ప్లాట్‌ఫాం మీద ఉండొచ్చు, అర్ధరాత్రి ప్రాంతానికి నెల్లూరు, రెండింటి లోపు ఒంగోలు. తత్కాల్ లేదు, లాడ్జి లేదు, సోమవారం డ్యూటీకి సెలవూ అక్కర్లేదు. ఇందులో క్లబ్బు జేబులోంచి పోయేది ఏమీ లేదు. టీవీ ఛానల్‌తో వారానికి ఒక్క మ్యాచ్ మీద బేరమాడితే చాలు.