బీథోవెన్ పుట్టు చెవిటివాడు కాడు

గుంటూరు బ్రాడీపేటలో పిల్లలకు కీబోర్డు నేర్పుతుంటాను. పోయిన నెల ఒకావిడ ఎనిమిదేళ్ళ పాపను వెంటబెట్టుకొచ్చి, ఫోన్‌లో ఒక వాట్సాప్ మెసేజ్ చూపించి, "ఇది నిజమేనా మాస్టారూ?" అని అడిగారు. పాప రెండు చెవుల వెనకా వినికిడి మిషన్లున్నాయి.

మెసేజ్‌లో ఉన్నది ఇదీ: పాశ్చాత్య సంగీతకర్త బీథోవెన్ పుట్టుకతోనే చెవిటివాడు. రోగిష్ఠి తల్లికి ఎనిమిదో బిడ్డ. వెన్నెల ఎలా ఉంటుందో ఒక గుడ్డి అమ్మాయికి తెలియజెప్పడానికి మూన్‌లైట్ సొనాటా అనే పియానో రచన కట్టాడు. పియానో కాళ్ళు కోయించి, నేలకు చెవి ఆనించి స్వరాలు రాశాడు. పట్టుదల ఉంటే ఏ లోపమూ అడ్డు కాదు, పదిమందికీ పంపండి.

ఇది నాకు ఇదివరకే మూడు గ్రూపుల్లో వచ్చింది. నవ్వుకుని వదిలేశాను. ఈసారి వదలబుద్ధి కాలేదు.

ముందు పుట్టు చెవుడు సంగతి. బీథోవెన్ 1770లో జర్మనీలోని బాన్‌లో పుట్టాడు. 1778 మార్చి 26న, ఏడేళ్ళప్పుడు, కొలోన్‌లో కచేరీ చేశాడు. వాళ్ళ నాన్న మాత్రం ప్రకటనలో ఆరేళ్ళని వేయించాడు. (పిల్లల వయసు తగ్గించి స్టేజీ ఎక్కించే నాన్నలు మనకూ కొత్తేం కాదు.) 1792లో వియన్నా చేరి హైడన్ అనే పేరున్న సంగీతకర్త దగ్గర పాఠం చెప్పించుకున్నాడు. ఆ ఊళ్ళో ముందు పేరొచ్చింది పియానిస్టుగానే. అప్పటికప్పుడు కల్పించి వాయించడంలో, మనం మనోధర్మం అంటామే, అందులో అతనికి ఎదురు లేదు. చెవులు మొరాయించడం మొదలైంది 1798 ప్రాంతంలో, ఇరవై ఏడో ఇరవై ఎనిమిదో ఏట. 1801 జూన్‌లో వెగెలర్ అనే డాక్టరు స్నేహితుడికి ఉత్తరం రాస్తూ అంతా వెళ్ళబోసుకున్నాడు. చెవుల్లో రాత్రింబవళ్ళు ఒకటే హోరట. కాస్త దూరంలో ఉంటే వాయిద్యాల్లో పై స్థాయి స్వరాలు అందడం లేదట. థియేటర్లో ఆర్కెస్ట్రాను ఆనుకుని కూర్చుంటే తప్ప నటులు ఏమంటున్నారో తెలియదట. నాకు వినపడదని నలుగురికీ చెప్పుకోలేక దాదాపు రెండేళ్ళుగా ఎక్కడికీ వెళ్ళడం లేదన్నాడు.

పై స్వరాలు ముందు పోవడం ఎలా ఉంటుందో ఆ రోజు నేనూ చూశాను. పాపను గోడవైపు తిప్పి కూర్చోబెట్టి, ఒక్కో కీ నొక్కుతూ, వినపడితే చెయ్యెత్తమన్నాను. మధ్యలో ఉన్నవాటికి టక్కుటక్కున ఎత్తింది. కుడి చివరి ఆక్టేవ్‌కు, అంటే అన్నిటికన్నా పై స్థాయికి, వచ్చేసరికి చెయ్యి ఒళ్ళోనే ఉండిపోయింది. ఇంకా మొదలుపెట్టలేదనుకుని పాపం ఎదురుచూస్తూ కూర్చుంది. వాళ్ళమ్మ నావైపు చూశారు. రెండు కీలు దిగి మళ్ళీ నొక్కాను.

మరి వినపడనివాడు ఎలా రాశాడు? మన సంగీతంలో మొదట్లో నేర్పే మలహరి గీతం వచ్చినవాళ్ళకు పుస్తకంలో స్వరాలు కనిపిస్తే చాలు, నోరు విప్పకుండానే లోపల పాట నడిచిపోతుంది. బీథోవెన్ లోపల అలాంటిది పాతికేళ్ళ సరుకుంది. పైగా వినికిడి ఒక్క రోజులో పోలేదు, ఏళ్ళ తరబడి తగ్గుతూ వచ్చింది. మెసేజ్ రాసినవాళ్ళు ఆ పాతికేళ్ళ సాధనను ఒక్క మాటతో కొట్టేశారు.

లోపం అడ్డు కాలేదన్న మాట ఇంకా పెద్ద అబద్ధం. పియానో కచేరీలకు అది నిలువునా అడ్డుపడింది. తన మొదటి నాలుగు పియానో కాన్చెర్టోలనూ (ఆర్కెస్ట్రాతో కలిసి పియానో వాయించే రచనలు) జనం ముందు తానే వాయించాడు. నాలుగోదాన్ని 1808 డిసెంబరు 22న, వియన్నాలో వణికించే చలి హాల్లో, నాలుగు గంటల కచేరీలో. ఐదోదాన్ని వాయించలేదు. 1811లో లైప్‌జిగ్‌లో ష్నైడర్ అనే ఆయన, మరుసటి ఏడు వియన్నాలో సొంత శిష్యుడు చెర్నీ వాయించారు. 1814లో ఆర్చ్‌డ్యూక్ ట్రియో అనే, ముగ్గురు కలిసి వాయించే రచన రిహార్సల్ విన్న ష్పోర్ అనే వయొలినిస్టు రాసిపెట్టినది చదివితే మనసు చివుక్కుమంటుంది. గట్టిగా వాయించాల్సిన చోట తీగలు జంగుమనేలా బాదాడట. మెల్లగా వాయించాల్సిన చోట కీలను ఎంత తేలిగ్గా తాకాడంటే స్వరాలకు స్వరాలే పలకలేదట. పలకలేదని ఆయనకు తెలియదు! అప్పటికి వయసు 43. ఆ తర్వాత పియానిస్టుగా స్టేజీ దాదాపు మానేశాడు. 1818 నుంచి ఇంటికొచ్చినవాళ్ళు చెప్పాలనుకున్నది నోట్‌బుక్‌లో రాసి చూపించేవాళ్ళు. మిగిలింది రాసే బీథోవెన్ ఒక్కడే.

గుడ్డి అమ్మాయి కథ వినడానికి బాగుంటుంది, అంతే. ఆ సొనాటా 1801 నాటిది. అంకితం పుచ్చుకున్నది శిష్యురాలు జూలియెట్టా గ్విచ్చార్ది. ఆమెకు చూపు లేదని ఎక్కడా లేదు. వెన్నెల పేరు బీథోవెన్ పెట్టిందే కాదు, రెల్‌ష్టాబ్ అనే విమర్శకుడు చేసిన పోలికలోంచి వచ్చింది. మా పిల్లలు ఈ సొనాటా నేర్పమని ఎగబడతారు. 61 కీల కీబోర్డు మీద రెండో బార్‌లోనే (మన ఆవర్తం లాంటిది) ఎడమచేతికి కీ చాలదు, బటన్ నొక్కి ఆక్టేవ్ దించుకోవాలి. తమాషా ఏమిటంటే, బీథోవెన్ వయసులో ఉండగా వాయించిన పియానోలకూ 61 కీలే. కాకపోతే అవి ఇంకాస్త కింది నుంచి మొదలవుతాయి.

పియానో కాళ్ళ సంగతా? లండన్ నుంచి బ్రాడ్‌వుడ్ కంపెనీ పంపిన ఆయన పియానో బుడాపెస్ట్ మ్యూజియంలో కాళ్ళ మీదే నిలబడి ఉంది. ఎనిమిదో బిడ్డా కాదు, ఆ తల్లిదండ్రులకు రెండో బిడ్డ.

ఇదంతా ఓపిగ్గా విని ఆవిడ, "అయితే మా పాపకు రాదంటారా?" అన్నారు. రాదనలేదమ్మా అన్నాను. పై ఆక్టేవ్ వినపడని సంగతి కాగితం మీద రాసిచ్చి, ముందు మిషన్లు బిగించిన డాక్టరుకు చూపించమన్నాను. పాప మంగళ, శుక్రవారాలు వస్తోంది. కీబోర్డు నడుమనుండే మిడిల్ సీ అనే కీ దగ్గర మొదలుపెట్టాం, ప్రస్తుతానికి కుడివైపు అంతదూరం వెళ్ళడం లేదు.