మొదట తేలింది ఆమెకు, మొదట సోకింది ఎవరికి?

హెచ్‌ఐవీ మీద ఫోన్లలో తిరిగే సందేశాల్లో ఒకటి నాకు ఎన్నిసార్లు వచ్చిందో లెక్కలేదు. పంపేవారు మారతారు, చివర పెట్టే దండాల సంఖ్య మారుతుంది, సారం మాత్రం ఇదే: "ఇంట్లో హెచ్‌ఐవీ ముందు భార్యకు బయటపడిందంటే తెచ్చింది ఆమే. గర్భం రాకుండా ఇంజెక్షన్లు వేయించుకునే ఆడవాళ్లకే ఇది ఎక్కువగా వస్తుంది. సోకిన స్త్రీ పిల్లల్ని కనకూడదు, బిడ్డకు రాక తప్పదు, ఆపరేషన్ చేయించడమే మేలు. ఆమె పాలు బిడ్డకు విషం. పేద దేశాల్లో నివారణ మందులు ఉచితంగా ఇచ్చినా ఆడవాళ్లు వేసుకోలేదు, ఇక ఎవరేం చేస్తారు?" అడుగున "పరిశోధనల్లో తేలింది" అని ముక్తాయింపు. ఏ పరిశోధనో చెప్పరు. నిజానికి ఈ ఐదు మాటల వెనకా పరిశోధనలు ఉన్నాయి. వాటిని సగం చదివి మూసేశారు, అంతే.

మొదటి మాట దగ్గరే ఎక్కువసేపు ఆగాలి. కాపురాలు కూలేది దానివల్లే.

గర్భిణి ఆరోగ్య కేంద్రానికి వెళ్లిన తొలి రోజుల్లోనే రక్తం తీస్తారు. రక్తహీనతకు, గ్రూపుకు, సిఫిలిస్‌కు, వాటితోపాటే హెచ్‌ఐవీకి. వేలి కొస నుంచి ఒక చుక్క పట్టీ మీద వేసి, దానిపై ద్రావణం చుక్కలు వేసి, పావుగంటో ఇరవై నిమిషాలో ఆగుతారు. ఒక గీత వస్తే పట్టీ పనిచేసిందని. రెండో గీత కూడా వస్తే, వైరస్‌ను ఎదుర్కోవడానికి ఒళ్లు తయారుచేసే ప్రతిరక్షకాలు కనిపించాయని, మరో పరీక్షతో నిర్ధారించుకోవాలని. ఆ గీత మీద తేదీ ఉండదు. వైరస్ నిరుడు వచ్చిందా, ఆరేళ్ల కిందట వచ్చిందా, ఎవరి నుంచి వచ్చింది అనేది పట్టీకి తెలియదు. భర్తకు గర్భం రాదు కాబట్టి ఆయన ఆ బల్ల ముందు కూర్చునే సందర్భమే రాదు. ముందు పరీక్ష చేయించుకున్న మనిషికి ముందు తెలిసింది, ఇందులో ఇంతకు మించిన గుట్టు లేదు. ఐక్యరాజ్యసమితి ఎయిడ్స్ విభాగం లెక్కల్లో 2023 నాటికి హెచ్‌ఐవీ ఉన్న వయోజన స్త్రీలలో 83 శాతం మంది చికిత్సలో ఉంటే పురుషుల్లో 72 శాతమే ఉన్నారు. పరీక్ష గడప తొక్కని మగవారు ఈ తేడాలో చాలామందే ఉంటారు.

అలాగని "తెచ్చేది ఎప్పుడూ మగవాడే" అని నేను ఎదురు నినాదం ఇవ్వబోవడం లేదు. సహారా దిగువ ఆఫ్రికా దేశాల్లో భార్యాభర్తల్లో ఒకరికి ఉండి మరొకరికి లేని జంటల సమాచారాన్ని ఒకచోట చేర్చి 2010లో చూశారు. అందులో దాదాపు సగం జంటల్లో, కచ్చితంగా చెప్పాలంటే 47 శాతం జంటల్లో, వైరస్ ఉన్నది స్త్రీకి. స్త్రీల పక్షాన మాట్లాడే కొందరికి ఈ అంకె రుచించలేదు. కానీ ఇది కూడా ఎవరినీ దోషిగా నిలబెట్టదు. దక్షిణాఫ్రికాలోని క్వాజులు-నటాల్‌లో వైరస్ జన్యు నమూనాలను పోల్చి 2017లో ప్రచురించిన పరిశీలన ఆ అంకె వెనక ఉన్న దారిని కొంత చూపింది. 25 ఏళ్లలోపు యువతులకు వైరస్ ఎక్కువగా చేరింది తమకన్నా సగటున దాదాపు తొమ్మిదేళ్లు పెద్దవారైన మగవారి నుంచి. అదే యువతి కొన్నేళ్లకు తన ఈడువాడితో కాపురం పెడుతుంది. ఆ ఇంట్లో పరీక్ష ఆమెకే పాజిటివ్ అని చెబుతుంది. "తెచ్చింది ఆమే" అనే సందేశానికి ఈ వెనుకటి కథతో పనిలేదు.

గర్భనిరోధక ఇంజెక్షన్ల మాట పూర్తిగా గాలి కబురు కాదు. మూడు నెలలకోసారి వేసే ఆ ఇంజెక్షన్ వాడే స్త్రీలలో హెచ్‌ఐవీ కొంచెం ఎక్కువగా కనిపిస్తోందని ఏళ్లపాటు కొన్ని పరిశీలనలు చెప్పాయి. అయితే ఇంజెక్షన్ వేయించుకున్నవారు కండోమ్ తక్కువగా వాడి ఉండవచ్చు, అప్పుడు తప్పు మందుదా, కండోమ్ లేకపోవడానిదా? తేల్చడానికి ఎకో పేరుతో ఒక పెద్ద ప్రయోగం చేశారు. ఎస్వతిని, కెన్యా, దక్షిణాఫ్రికా, జాంబియాలలో 7,829 మంది స్త్రీలకు చీటీ తీసినట్టుగా కొందరికి ఇంజెక్షన్, కొందరికి హార్మోన్ లేని రాగి లూప్, కొందరికి చేతి చర్మం కింద పెట్టే ఇంప్లాంట్ ఇచ్చారు. 2019లో ఫలితం వచ్చింది. మూడు పద్ధతుల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. స్వల్పమైన తేడాను పట్టే శక్తి ఆ ప్రయోగానికి లేదన్నది నిజమే. కానీ "ఇంజెక్షన్ వల్లే" అని భయపెట్టేంత తేడా ఉంటే అది కనిపించేది. ఆ ఏడాదే ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్‌ఐవీ ముప్పు ఎక్కువున్న స్త్రీలూ ఏ పద్ధతినైనా ఎంచుకోవచ్చని చెప్పింది. నన్ను కలవరపెట్టిన అంకె వేరే ఉంది. ఏ పద్ధతి వాడినా ఏడాదికి నూటికి దాదాపు నలుగురికి కొత్తగా వైరస్ సోకింది. కుటుంబ నియంత్రణకు వచ్చిన స్త్రీకి అదే గదిలో హెచ్‌ఐవీ నివారణ కూడా అందాలని చెప్పే ఆ అంకెను సందేశం రాసినవారు పట్టించుకోలేదు.

ఇక బిడ్డకు "రాక తప్పదు" అన్నది 1994కే చెల్లిపోయిన మాట. ఏ చికిత్సా లేనప్పుడు కూడా తల్లి నుంచి బిడ్డకు చేరే అవకాశం 15 నుంచి 45 శాతమే, నూటికి నూరు ఎన్నడూ కాదు. ఆ ఏడాది అమెరికా, ఫ్రాన్స్‌లలో జరిగిన ప్రయోగంలో జిడోవుడిన్ అనే ఒక్క మందుతో అది సుమారు 25 నుంచి 8 శాతానికి పడిపోయింది. ఇప్పుడు తల్లి రోజూ వైరస్‌ను అణచి ఉంచే ఏఆర్‌టీ మందులు వేసుకుంటే, పాలిచ్చినా సరే, 5 శాతంలోపు ఉంచవచ్చు. తల్లి నుంచి బిడ్డకు హెచ్‌ఐవీ చేరడాన్ని నిర్మూలించిన తొలి దేశంగా 2015లో క్యూబాను, మరుసటి ఏడాది థాయ్‌లాండ్‌ను ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తించింది.

సందేశంలో నాకు నిజంగా కోపం తెప్పించేది ఆ పక్కనే ఉన్న ఆపరేషన్ ముక్క. ఇది ఉత్తి సలహా కాదు, జరిగిన దారుణం. నమీబియాలో ప్రభుత్వ ఆసుపత్రులకు కాన్పుకు వెళ్లిన హెచ్‌ఐవీ ఉన్న స్త్రీలకు నొప్పుల మధ్య కాగితాలు చేతికిచ్చి సంతకం చేయించారు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ జరిగిందని తర్వాత తెలిసింది. ముగ్గురు స్త్రీలు కోర్టుకెక్కారు. నొప్పులు పడుతున్న మనిషి అలా పెట్టిన సంతకం అంగీకారం కాదని 2014లో ఆ దేశ సుప్రీంకోర్టు తేల్చింది. చిలీలో హెచ్‌ఐవీ ఉన్న ఇరవై ఏళ్ల యువతికి సిజేరియన్ చేస్తూ, అడగకుండానే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ కూడా చేసేశారు. రెండు దశాబ్దాల తర్వాత, 2022లో, ఆ దేశ అప్పటి అధ్యక్షుడు గేబ్రియల్ బోరిచ్ ప్రభుత్వం తరఫున ఆమెకు క్షమాపణ చెప్పారు. "మేలు" అని ఫోన్లో తేలిగ్గా రాసే మాటకు ఇంత చరిత్ర ఉంది.

పాలు విషమన్న మాట మరీ చిక్కు, ఎందుకంటే పాల ద్వారా వైరస్ చేరడం నిజమే. ఆ భయంతోనే బోట్స్‌వానా ప్రభుత్వం తల్లులకు డబ్బా పాలు ఉచితంగా ఇచ్చింది. 2006 మొదట్లో భారీ వానలు కురిశాయి, నీళ్లు కలుషితమయ్యాయి, పసిపిల్లలను విరేచనాలు చుట్టుముట్టాయి. ఆసుపత్రుల్లో చేరినవారిలో అత్యధికులు తల్లిపాలు తాగనివారే. వందల మంది చనిపోయారు. హెచ్‌ఐవీ నుంచి కాపాడబోయి నీళ్లకు అప్పగించినట్టయింది. అంతకుముందే, 1999లో, డర్బన్ పరిశోధకులు మరో వింత గమనించారు. మొదటి నెలల్లో తల్లిపాలు మాత్రమే తాగిన పిల్లలకన్నా, తల్లిపాలతోపాటు నీళ్లూ ఇతర పాలూ పట్టిన పిల్లలకే వైరస్ ఎక్కువగా చేరింది. ఇప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది ఇది: తల్లి మందులు మానకుండా వేసుకోవాలి, తొలి ఆరు నెలలు తన పాలే ఇవ్వాలి, ఆ తర్వాత ఇతర ఆహారంతోపాటు రెండేళ్లు, ఆపైనా కొనసాగించవచ్చు. బిడ్డకు పుట్టిన వెంటనే మొదలుపెట్టి కనీసం కొన్ని వారాలు రోజూ సూది లేని సిరంజితో బుగ్గ లోపల వైరస్‌ను అడ్డుకునే నెవిరాపిన్ సిరప్ వేస్తారు. శుభ్రమైన నీటికి కొదవలేని అమెరికాలో సైతం "పాలివ్వనే వద్దు" అనడం మాని, 2023 నుంచి తల్లితో మాట్లాడి నిర్ణయించమంటున్నారు.

చివరిది, వైరస్ సోకకుండా ముందే వాడే నివారణ మందులు ఇచ్చినా వేసుకోలేదన్న నింద. దక్షిణాఫ్రికా, ఉగాండా, జింబాబ్వేలలో వాయిస్ అనే ప్రయోగంలో ఐదు వేల మందికి పైగా స్త్రీలు చేరారు. మందు వేసుకుంటున్నామని చాలామంది చెప్పారు. రక్తం పరీక్షిస్తే మూడింట ఒక వంతు నమూనాల్లో కూడా మందు జాడ లేదు. అబద్ధమాడారని అక్కడితో ఆపితే సందేశం గెలుస్తుంది. పరిశోధకులు ఆపలేదు, ఎందుకని అడిగారు. ఆ మాత్రలు చూసినవారు తమకే జబ్బు ఉందనుకుంటారన్న భయం, భర్త కంట పడుతుందన్న భయం. సీసా కదిపితే చప్పుడవుతుంది, సంచిలో దాచుకున్నా సరే. ఆ భయం ఉత్తది కాదు. భాగస్వామి చేత పదేపదే దెబ్బలు తిన్న యువతులకు హెచ్‌ఐవీ సోకే ముప్పు సుమారు ఒకటిన్నర రెట్లు ఉందని దక్షిణాఫ్రికాలో వెయ్యి మందికి పైగా యువతులను గమనించిన పరిశోధన 2010లోనే చూపింది. మందు రూపం మారితే ఏమైందో 2024లో తెలిసింది. ఆరు నెలలకోసారి వేసే లెనకాపవిర్ ఇంజెక్షన్ తీసుకున్న 2,134 మంది దక్షిణాఫ్రికా, ఉగాండా యువతుల్లో ఒక్కరికీ వైరస్ సోకలేదు. అదే ప్రాంతాల యువతులే. వారి క్రమశిక్షణ రాత్రికి రాత్రి పెరగలేదు, దాచుకోవలసిన సీసా పోయింది.

మొదటి పట్టీ దగ్గరికే మళ్లీ వస్తాను. కెన్యాలోని కిసుములో గర్భిణులకు, బాలింతలకు నోటి ద్రవంతో ఇంట్లోనే చేసుకునే పరీక్ష కిట్లు రెండేసి ఇచ్చి పంపారు, ఒకటి తనకు, ఒకటి భర్తకు. మామూలుగా "మీవారిని కేంద్రానికి రమ్మనండి" అని చీటీ ఇచ్చిన చోట మూడు నెలల్లో 52 శాతం మంది మగవారు పరీక్ష చేయించుకున్నారు. కిట్ ఇంటికి చేరిన చోట 91 శాతం మంది చేసుకున్నారు, వారిలో ఎక్కువమంది భార్య పక్కనే కూర్చుని.