బట్టలు ఉతికావా, వాష్ చేశావా?

మా అమ్మాయి ఫోన్లో "రూమ్ క్లీన్ చేశా, బట్టలు వాష్ చేశా, నీకోసమే వెయిట్ చేస్తున్నా రా" అంది, అవతల ఉన్నది కూడా అమ్మాయే. పక్కన పేపర్ చదువుకుంటున్న మా నాన్న కళ్ళజోడు తీశాడు. ఇంకేముంది, మొదలు. మధ్యలో నేను నోరు మూసుకుని కూర్చున్నా కాబట్టి ఇదంతా రాయగలుగుతున్నా.

తాతయ్య: అన్నిటికీ చేశా, చేశా, చేశా. ఇంకో క్రియే లేదా అమ్మడూ నీకు?

మనవరాలు: చేశా తెలుగే కదా! నువ్వు రోజూ పట్టుకునే ఆ కాగితం సంగతి చూడు, రోజు, కాగితం రెండూ పారసీ నుంచి వచ్చినవే. నీ పుస్తకాల అల్మారా పోర్చుగీసు వాళ్ళది. వాటి మీద లేని కోపం నా మీదే ఎందుకు?

తాతయ్య: అవి పేర్లే. కొత్త వస్తువొస్తే పేరు కూడా వెంటబడి వస్తుంది, దానికెవడూ ఏడవడు. నా బాధ క్రియల గురించి. అంట్లు తోముతాం, బట్టలు ఉతుకుతాం, కాళ్ళు కడుక్కుంటాం, బల్ల తుడుస్తాం, ఇల్లు ఊడుస్తాం, అలుకుతాం. చెయ్యి ఎలా ఆడుతుందో ఆ మాటలోనే కనపడుతుంది. నీకేమో అన్నీ క్లీన్ చెయ్యటమే.

మనవరాలు: అలకటం అంటే?

తాతయ్య: చూశావా, ఒకటి పోయింది.

మనవరాలు: అలిగి కూర్చోవటం అనుకున్నా... సరే సరే, మట్టినేలకి పేడ పూయటమా? మట్టినేలే లేనప్పుడు ఆ మాట నేనెక్కడ వాడాలి, పని పోతే మాటా పోతుంది.

తాతయ్య: అంట్లు పోలేదుగా!

(ఇక్కడ మా అమ్మాయి దగ్గర సమాధానం లేదు, అందుకే దారి మార్చింది. నేను గమనించా.)

మనవరాలు: అసలు నన్నయ కాలంలో నేను అనటానికి ఏను అనేవాళ్ళు. నువ్వు అంటున్నావా? వాడుక భాషలో పాఠాలు రాయమని గిడుగు రామమూర్తి గారు కొట్లాడితే పండితులు అది గ్రామ్యం అన్నారు, ఇప్పుడు ఆయన పుట్టినరోజు ఆగస్టు 29నే తెలుగు భాషా దినోత్సవం చేస్తున్నాం.

తాతయ్య: ఆయన జనం నోట్లో ఉన్న తెలుగుని పుస్తకంలోకి తెమ్మన్నాడు, నోట్లోంచి తీసెయ్యమన్లేదు. అది వదిలెయ్, ఆడపిల్లని రా అనటమేంటి?

మనవరాలు: ఒసే అనమంటావా?

తాతయ్య: అదేం తప్పు, మేమంతా...

మనవరాలు: నువ్వు నానమ్మని ఒసేయ్ అనేవాడివి, నానమ్మ నిన్ను ఏమండీ అనేది, నీ పేరు ఎత్తటానికి కూడా భయపడేది. మేం ఒకళ్ళనొకళ్ళం పేరు పెట్టి పిలుచుకుంటాం, ఫ్రెండ్ అబ్బాయైనా అమ్మాయైనా రా అంటాం, ముద్దుగానే అంటాం. ఒసే అంటే మాకు తిట్టులా వినపడుతుంది తాతయ్యా, నిజంగా.

(నాన్న చాలాసేపు ఏం మాట్లాడలేదు. పేపర్ మడతపెట్టాడు, మళ్ళీ విప్పాడు.)

తాతయ్య: సరే, ఆ రా నీకొదిలేస్తున్నా. క్రియలు మాత్రం వదల్ను.

మనవరాలు: మేమూ కొత్తవి పుట్టిస్తున్నాంగా! లైట్ తీసుకో అంటాం, ఇది ఇంగ్లీషు వాళ్ళకి చెప్తే అర్థం కూడా కాదు. కేక అంటే అరుపు, మేం దాన్ని మెచ్చుకోలు చేసేశాం. ఇంకో పదేళ్ళలో నిఘంటువు మేమే రాస్తాం చూడు.

తాతయ్య: నిఘంటువా? నీకంత సీన్ లేదు.

మనవరాలు: సీనా!! తాతయ్యా, సీనా?

తాతయ్య: ...అది నోటికి అలవాటైపోయిందిలే. పో, పొద్దెక్కింది.

మనవరాలు: బ్రష్ చేసుకొస్తా, ఉండు.

తాతయ్య: తోముకో!