కొర్రల గారికి ఒక మాజీ విప్లవకారుడి ఇల్లాలు రాయునది

మహారాజశ్రీ కొర్రల గారికి,

నమస్కారాలు. తమరు మా ఇంట్లో అడుగుపెట్టిన దగ్గర్నుంచి రైస్ కుక్కర్ అటకెక్కింది. మా ఆయన దాన్ని వర్గశత్రువు అంటున్నారు. ఆ మాట ఆయన నోట విని ఎన్నేళ్లయిందో! డెబ్బైల్లో ఆయనకి చెవులు దాటిన జుట్టు, బెల్‌బాటమ్ ప్యాంటు, వేళ్ల మధ్య ఆరని చార్మినార్ సిగరెట్టు. వ్యవస్థ మీద తిరగబడ్డ దిగంబర కవులు 1965లో తమ మొదటి సంపుటిని అర్ధరాత్రి పూట ఒక రిక్షా కార్మికుడి చేత ఆవిష్కరింపజేశారని చెబుతుంటే గొంతు వణికేది. కట్నం వద్దన్నారు, పెళ్లిలో మంత్రాలు వద్దన్నారు. బాగానే ఉంది. కానీ ఇంటి నిండా జనాన్ని పోగేసి, సంసారమే పెద్ద జైలని ఉపన్యాసం దంచుతూ, ఆ జైలు వంటింట్లోంచి టీ ఇంకా రాలేదేమని తొంగిచూసేవారు.

ఇప్పుడు షుగరొచ్చింది. వ్యవస్థ మీద కోపమంతా తెల్లన్నం మీదికి మళ్లింది. పంచదార సామ్రాజ్యవాదమట, రిఫైన్డ్ ఆయిల్ బహుళజాతి కుట్రట. గానుగ నూనె ఒక్కటే ప్రజల పక్షం.

తమరిని ముందురోజు రాత్రే నానబెట్టాలి. అదీ నేనే. మట్టికుండలోనే వండాలి. కుండ సబ్బు పీల్చుకుంటుందని కొబ్బరిపీచుతో, వేణ్ణీళ్లతో తోమాలి. అడుగంటిన రోజు చూడాలి నా అవస్థ. ఆ టైముకి ఆయన పార్కు బెంచీ మీద కూర్చుని, తమరిలో పీచుపదార్థం ఎంతుందో వాకింగ్ మిత్రులకి క్లాసు పీకుతుంటారు.

మా అనంతపురం అమ్మమ్మ తమరిని రోట్లో పోసి దంచేది. పొట్టు ఓ పట్టాన వదిలేది కాదు, అరచేతులు బొబ్బలెక్కేవి. 1983లో ఎన్టీఆర్ కిలో రెండు రూపాయల బియ్యం ఇచ్చాక రోకలి మూలన పడేసి హాయిగా నడుం వాల్చింది. మా ఆయన దాన్ని ఆహార సంస్కృతి మీద దాడి అంటారు. ఆయన రోకలి పట్టిన పాపాన పోలేదు లెండి.

తమరిని ఎవరూ పలకరించని రోజుల్లో జహీరాబాద్ దగ్గర పస్తాపూర్ చుట్టుపక్కల దళిత ఆడవాళ్లు సంఘాలు కట్టుకుని, చిరుధాన్యాల విత్తనాలు బుట్టల్లో బూడిద కలిపి కాపాడారు. మా విప్లవకారుడి కంటికి మాత్రం తమరు ఐక్యరాజ్యసమితి 2023ని చిరుధాన్యాల సంవత్సరమని ప్రకటించాకే ఆనారు. అప్పటికే తమరికి సిరిధాన్యమని కొత్త పేరు, జిప్పున్న ప్యాకెట్టు, సన్నబియ్యాన్ని వెక్కిరించే ధర. ఎవరి పేరు చెప్పి ఆయన గొంతు చించుకున్నారో ఆ కూలీలు రేషన్ బియ్యం తింటున్నారు. వాళ్ల తాతల తిండి ఈయన తింటున్నారు. ఇదేం సమానత్వమని అడిగితే, ముందు నమిలి మింగనివ్వమంటారు.

తమరి మీద నాకేం పగ లేదు. షుగర్ రిపోర్టు కాస్త దిగింది. ఇంగువ, కరివేపాకు దండిగా వేస్తే తమరి ఉప్మా కూడా గొంతు దిగుతుంది. దున్నేవాడిదే భూమి అని ఊరేగింపుల్లో అరిచిన మనిషి కదా అని, తినేవాడిదే తోముడు అని కొత్త నినాదం రాసి కుండకి అంటించాను. ఆయన చదివారు. సిద్ధాంతపరంగా ఏకీభవిస్తున్నారట. అమలు తేదీ మీద ఇంకా చర్చ నడుస్తోంది.

ఇట్లు,
తమరిని ఈ రాత్రికి కూడా నానబెట్టబోయే
కామ్రేడ్ గారి భార్య