అమ్మినాయనకి ఏమీ తెలియదు

పాత ఇల్లు కొనుక్కోవడం, నవంబర్ రాగానే అమ్మినవాణ్ణి తిట్టుకోవడం అమెరికాలో మనవాళ్ళకి కూడా అలవాటైపోయింది. "హీటింగ్ పోయిందని వాడికి ముందే తెలుసు, చెప్పకుండా మనకి అంటగట్టాడు" అంటారు. ఎంత అన్యాయమైన మాట! ఇరవై ఏళ్ళు ఒకే ఇంట్లో కాపురం చేసినంత మాత్రాన ఆ ఇంట్లో ఏముందో మనిషికి తెలిసి తీరాలని ఏ శాస్త్రంలో రాసింది? అమ్మినాయన తరఫున మాట్లాడే దిక్కు లేదు కాబట్టి ఆ భారం నేనే నెత్తికెత్తుకుంటున్నాను.

న్యూయార్క్ రాష్ట్రాన్నే తీసుకోండి. ఇల్లు అమ్మేవాడు ఒక పత్రం నింపి కొనేవాడికి ఇవ్వాలని 2002 నుంచి అక్కడ చట్టం ఉంది. పునాది, చిమ్నీ, బేస్‌మెంట్‌లో చేరిన నీళ్ళు తోడే సంప్ పంప్, హీటింగ్ అంటూ ఒక్కోదాని పేరూ రాసి, ఇందులో మీకు తెలిసిన పెద్ద లోపం ఏమైనా ఉందా అని అడుగుతుంది. ఎదురుగా గడులు: ఉంది, లేదు, తెలియదు, వర్తించదు. ఆ మూడో గడి కనిపెట్టిన మహానుభావుడెవరో గానీ ఊరూరా విగ్రహం పెట్టించాల్సినవాడు. "ఉంది" అంటే ధర పడిపోతుంది. "లేదు" అంటే రేపు కోర్టులో ఆ కాగితాన్నే మన మొహాన పెడతారు. "తెలియదు" అంటే హాయిగా నిద్ర పడుతుంది. నిజంగా తెలిసిందే తెలిసినట్టు లెక్క, తెలుసుకోవడానికి నువ్వేమీ వెతకనక్కర్లేదు అని చట్టమే భుజం తట్టింది. బళ్ళో తెలియదని రాస్తే సున్నా వేస్తారు, ఇక్కడ మాత్రం తెలియదన్నవాడికే ఫస్టు క్లాసు.

ఆ గడిలో టిక్కు పెట్టడం కూడా కష్టమనిపించిన సుకుమారులకి ఇంకో దారి ఉండేది. పత్రం ఇవ్వకపోతే రిజిస్ట్రేషన్ రోజున కొనేవాడికి 500 డాలర్లు తగ్గించాలి. అంతే, చెల్లుకి చెల్లు. చాలామంది లాయర్లు "ఆ 500 పారేయండి, కాగితం మీద ఒక్క ముక్క రాయకండి" అనే సలహా ఇచ్చేవాళ్ళు. అరమిలియన్ డాలర్ల ఇంటికి 500 డాలర్ల మౌనం. మన దగ్గర రిజిస్ట్రార్ ఆఫీసు బయట చేతిలో పెట్టే పైకానికి ఇంత చట్టబద్ధత ఎన్నడైనా దొరికిందా? ఓర్వలేనివాళ్ళు ఊరుకోరు కదా. 2023లో చట్టాన్ని సవరించి ఆ వెసులుబాటు తీసేశారు, 2024 మార్చి నుంచి పత్రం ఇచ్చి తీరాల్సిందే. ఇప్పుడు అమ్మకందారు తన అజ్ఞానాన్ని పైసా ఖర్చు లేకుండా, సొంత తెలివితోనే నిలబెట్టుకోవాలి.

అది అనుకున్నంత తేలిక కాదు. తెలియకపోవడానికి చాలా శ్రద్ధ కావాలి. అమ్మాలనుకున్నాక, ఇల్లంతటికీ వేడిగాలి పంపే ఫర్నెస్ ఉన్న గది వైపు కాలు పెట్టకూడదు. సర్వీసుకి ఎవర్నీ పిలవకూడదు. పిలిచినా బిల్లు మెయిల్‌లో పంపమనకూడదు. వచ్చినవాళ్ళకో పాడు అలవాటుంది: ఫర్నెస్ పక్క రేకు మీద స్టిక్కర్ అతికించి, తేదీ వేసి, బాల్‌పెన్నుతో రెండు ముక్కలు గీకి పోతారు. "హీట్ ఎక్స్‌ఛేంజర్‌లో పగులు, మార్చాలి" అని ఆ రెండు ముక్కల్లోనే ఉంటుంది. ఆ స్టిక్కర్ సగం చిరిగి, కింద జిగురు మరక మిగిలిన ఫర్నెస్‌లు నేను చూశాను. తేమకి దానంతట అదే ఊడిపోయి ఉంటుంది. సరిగ్గా రాత ఉన్నంత మేరకే ఊడింది అనేవాళ్ళవి పాపిష్టి కళ్ళు.

ఈ హీట్ ఎక్స్‌ఛేంజర్ అనేదే అసలు దోషి. పల్చటి లోహపు అరలు. లోపల మంట, బయట గదుల్లోకి వెళ్ళే గాలి, రెండూ కలవకూడదు. ఫర్నెస్ వెలిగినప్పుడల్లా అది వేడికి సాగుతుంది, ఆగినప్పుడల్లా ముడుచుకుంటుంది. పదిహేను ఇరవై ఏళ్ళు అలా సాగీ ముడిచీ ఎక్కడో ఒకచోట పగులుతుంది. అప్పుడు కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు పడకగదిలోకి రావచ్చు. దానికి రంగు లేదు, వాసన లేదు. ఇలాంటి వాయువు సంగతి అమ్మినాయన మాత్రం ఎలా కనిపెడతాడు చెప్పండి?

"కొనేముందు ఇల్లు తనిఖీ చేయడానికి ఇన్‌స్పెక్టర్‌ని పెట్టుకున్నాం కదా" అంటారు మనవాళ్ళు. పెట్టుకున్నారు. ఆయన జూలైలో వచ్చాడు. థర్మోస్టాట్ పైకి తిప్పాడు, నాలుగు నిమిషాలు వేడిగాలి వచ్చింది, ఫొటో తీసుకున్నాడు. విప్పి హీట్ ఎక్స్‌ఛేంజర్ లోపల చూడటం ఆయన పని కాదని వాళ్ళ నియమావళిలోనే ఉంటుంది. "ఫర్నెస్ ఆయుష్షు ముగింపు దశలో ఉంది, నిపుణుడికి చూపించుకోండి" అని నలభై పేజీల రిపోర్టులో ఎక్కడో ఒక వాక్యం రాసి చేతులు దులుపుకున్నాడు. ఆ పేజీ దాకా ఎవరు చదివారు? మనవాళ్ళు ఆ టైముకి ఫోన్లో దిక్సూచి తెరిచి సింహద్వారం తూర్పుకి ఎన్ని డిగ్రీలు పక్కకి పోయిందో కొలుస్తున్నారు. ఈశాన్యంలో బాత్‌రూమ్ లేదు, సంతోషం. ఫర్నెస్ ఆగ్నేయంలో ఉంది, అగ్ని ఉండాల్సిన చోటే ఉంది, ఇంకేం కావాలి? శ్రావణ మాసంలో పాలు పొంగించారు. పాలు బ్రహ్మాండంగా పొంగాయి, ఎందుకంటే స్టవ్వు కొత్తది.

అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అన్నారు పెద్దలు. కొన్నాక ఆ కొరివి కూడా వెలగదని వాళ్ళు ఊహించలేకపోయారు.

చలికాలం మధ్యలో, బయట నీళ్ళు గడ్డకట్టే రాత్రి, ఫర్నెస్ ఆగుతుంది. కోర్టుకెక్కుతాం అంటారు. ఎక్కండి, కానీ ఫర్నెస్ పేరు చెప్పుకుని ఎక్కకండి. హడ్సన్ నది ఒడ్డున నయాక్ అనే ఊళ్ళో ఒక ఇంటి కథ ఉంది. ఒకాయన ఆరున్నర లక్షల డాలర్లకి బేరం కుదుర్చుకుని, 32,500 అడ్వాన్సు కట్టాక తెలిసింది, ఆ ఇంట్లో దయ్యాలున్నాయని. అమ్మే ఆవిడే అంతకుముందు రీడర్స్ డైజెస్ట్‌కీ, స్థానిక పత్రికకీ వాటి ముచ్చట్లు చెప్పుకుంది. 1991లో న్యూయార్క్ అప్పీలు కోర్టు, చట్టం దృష్టిలో ఈ ఇంట్లో దయ్యాలున్నట్టే, ఎంత జాగ్రత్తగా తనిఖీ చేసినా కొనేవాడికి అవి దొరకవు కాబట్టి బేరం రద్దు చేసుకోనివ్వాలి అని తీర్పిచ్చింది. చూసుకుంటే దొరికే లోపాన్ని కొనేవాడే చూసుకోవాలన్నది అక్కడి పాత సూత్రం. ఫర్నెస్ బేస్‌మెంట్‌లో నిక్షేపంలా కనపడుతోంది కాబట్టి చిక్కు. అందుకని బాధితులకి నా సలహా: పిటిషన్‌లో హీటింగ్ మాట ఎత్తకండి. అర్ధరాత్రి బేస్‌మెంట్ నుంచి మూలుగు వినిపిస్తోంది, గదిలోకి ఉన్నట్టుండి చలిగాలి కొడుతోంది, పిల్లలు వణికిపోతున్నారు అని రాయండి. అన్నీ నిజాలే.

ఇంత పకడ్బందీగా కాపాడుకున్న అజ్ఞానానికి ఒకే ఒక్క శత్రువు ఉన్నాడు: ఊళ్ళో ఉన్న హీటింగ్ మెకానిక్. ఫిబ్రవరిలో గజగజలాడుతూ మనవాడు ఫోన్ చేస్తాడు. వ్యాన్ వచ్చి ఆగుతుంది. మెకానిక్ టార్చి పట్టుకుని బేస్‌మెంట్‌లోకి దిగుతాడు, మెట్ల మీదే నిలబడి "ఓ, ఈ ఫర్నెసా! ఇంకా మార్చలేదా? పోయిన చలికాలం వచ్చి చెప్పానే, పెద్దాయన ఏడీ?" అంటాడు. అంతవరకూ కంచుకోటలా ఉన్న "తెలియదు" గడి ఆ ఒక్క ముక్కకి కూలిపోతుంది. అతని ఆఫీసులో పాత బిల్లు కాపీ ఉంటే, తెలిసి కావాలని దాచాడని తేలితే, అమ్మినాయన నష్టం కట్టాల్సి రావచ్చు. ఒక మెకానిక్ జ్ఞాపకశక్తి వల్ల ఇంత ఆస్తి హక్కు గాలిలో దీపం కావడం ఏ నాగరిక సమాజానికైనా సిగ్గుచేటు. మెకానిక్‌లని ఏటా ఊరు మార్చి పంపించే చట్టం ఒకటి తక్షణం రావాలి.

అద్దెకున్నవాడి దర్జా చూస్తే మరీ కడుపు మండుతుంది. న్యూయార్క్ నగరంలో అక్టోబర్ 1 నుంచి మే 31 దాకా, పగటిపూట బయట 55 డిగ్రీల ఫారెన్‌హీట్ కంటే తగ్గితే లోపల 68 ఉండేలా ఓనరు వేడి ఇవ్వాలి. ఇవ్వకపోతే అద్దెవాడు నగరం ఫిర్యాదుల నంబరు 311కి ఫోన్ కొడతాడు. సొంతిల్లు కొన్నవాడు ఎవరికి కొట్టాలి? ఓనరు తనే. ముప్పై ఏళ్ళ అప్పు చేసి ఇంటివాడయ్యాక దక్కిన హోదా ఇది, కంప్లయింట్ ఇచ్చేదీ తీసుకునేదీ ఒకే మనిషి.

మన దేశంలో మాత్రం అంతా తేడా అనుకునేరు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం, 55వ సెక్షన్: తనకు తెలిసి, కొనేవాడికి తెలియక, మామూలు జాగ్రత్తతో చూసినా బయటపడని పెద్ద లోపం ఏదైనా ఉంటే అమ్మేవాడు చెప్పి తీరాలి. తెల్లదొరలు మనకోసం రాసిపెట్టారు. తమ దేశంలో మాత్రం కొనేవాడే కళ్ళు తెరుచుకోవాలి అనే పాత పాటే ఉంచుకున్నారు. బెజవాడలో ఫర్నెస్ ఎవరు పెట్టుకుంటారు గనక? మనకి బోరులో నీళ్ళు చాలు. ఆ బోరు ఏప్రిల్‌కి ఎండిపోతుంది కాబట్టి ఇల్లు దసరాకి చూపిస్తాం.

ఆ మెకానిక్ చేతే కొత్త ఫర్నెస్ పెట్టించుకున్న మనవాడికి ఇప్పుడు వేరే రాష్ట్రంలో ఉద్యోగం వచ్చింది. ఇల్లు అమ్ముతున్నాడు. మొన్న రాత్రి పత్రం ముందేసుకుని ఫోన్ చేశాడు. హీటింగ్ దగ్గర "లేదు" అని గర్వంగా టిక్కు పెట్టాడట.

"అన్నా, బేస్‌మెంట్‌లో నీళ్ళు వస్తాయా అని ఒకటుంది. మంచు కరిగినప్పుడు మూలన కాస్త వస్తాయి, అది మార్చిలో కదా. ఇప్పుడు ఆగస్టు. ఇప్పుడైతే పొడిగానే ఉంది. ఏం పెట్టమంటావ్?"

"ఎన్నేళ్ళ నుంచి వస్తున్నాయి?"

"నేను కొన్నప్పటి నుంచీ. అమ్మినాయన చెప్పలేదు."