కాలు వెళ్లింది, షూ ఉంది

ఇది నిన్న జరిగింది. మోకాలి మీద చెక్కుకుపోయిన చోట మంట పొద్దుటికి తగ్గింది. మా బావ మీద మంట ఇంకా తగ్గలేదు, అందుకే రాస్తున్నాను.

ముందు సంగతులు గబగబా చెప్పేస్తాను. నేను డిస్క్ గాల్ఫ్ ఆడతాను. తెలియనివాళ్ల కోసం: ఇదీ గాల్ఫే, కాకపోతే కర్రా బంతీ ఉండవు. పళ్లెంలాంటి ప్లాస్టిక్ డిస్కు విసురుకుంటూ వెళ్లి, చివర్లో గొలుసులు వేలాడుతున్న బుట్టలో వేయాలి. ఎంత తక్కువ విసుర్లలో వేస్తే అంత గొప్ప. అమెరికాలో ఎడ్ హెడ్రిక్ అనే ఆయన ఈ ఆటను ఒక దారిలో పెట్టాడు. 1975లో కాలిఫోర్నియాలోని ఓక్ గ్రోవ్ పార్కులో మొదటి శాశ్వత కోర్సు (అంటే ఆడే మైదానం), మరుసటి ఏడు ప్రొఫెషనల్ డిస్క్ గాల్ఫ్ అసోసియేషన్, ఆ గొలుసుల బుట్టకి పేటెంటు, అన్నీ ఆయన చలవే. 2002లో ఆయన పోయాక, ఆయన కోరుకున్నట్టే చితాభస్మాన్ని ప్లాస్టిక్‌లో కలిపి డిస్కులు పోశారు. ఆట మీద అంత ప్రాణం పెట్టుకున్న మనిషి, కాళ్లకి ఏం వేసుకోవాలో మాత్రం తేల్చకుండా వెళ్లిపోయాడు. ఆ బాధ్యత షూ కంపెనీలూ మా బావా పంచుకున్నారు.

బావ షూ చూస్తే ఎవరైనా చందా ఇస్తారు. ఎప్పటివో ట్రెయిల్ రన్నింగ్ షూ. కుడి కాలిది పర్వాలేదు. ఎడమ కాలిదానికి ముందు భాగం నోరు తెరుచుకుని ఉంటుంది. అందులోంచి సాక్సు, సాక్సు చిరుగులోంచి బొటనవేలు, ఒకరి భుజం మీంచి ఒకరు తొంగి చూస్తున్నట్టు బయటికి చూస్తుంటాయి. అది నిర్లక్ష్యం కాదు, ఆట పెట్టే ఖర్చు. కుడిచేతివాటం మనిషి బ్యాక్‌హ్యాండ్ విసిరేటప్పుడు ఎక్స్-స్టెప్ అని పక్కవాటుగా నడుస్తాడు. ఎడమ కాలు కుడి కాలి వెనక నుంచి దాటుతుంది, తర్వాత కుడి కాలు ముందు పాతుకుంటుంది, ఒళ్లంతా దాని మీద తిరుగుతుంది. ఆ తిరగడంలో వెనకున్న ఎడమ కాలి కొస సిమెంటు మీద గీరుకుంటూ వస్తుంది. అలా కొన్ని వందల విసుర్లు అయ్యేసరికి ముందు బట్ట పోతుంది, తర్వాత జిగురు పోతుంది, ఆ తర్వాత పరువు పోతుంది. బావకి మూడోదాంతో పనిలేదు.

నాకుంది. అందుకని ఈ ఆట కోసమే చేసిన షూ తెప్పించుకున్నాను.

అవి అందంగా ఉంటాయని ఎవరూ చెప్పలేదు. ముక్కు మీద మందపాటి రబ్బరు తొడుగు, ఆ గీరుడికి తట్టుకోవడానికి. అడుగున లోతైన గాళ్లు, బురదలో జారకుండా. పాదం ముందు భాగం కింద నున్నటి గుండ్రటి బిళ్ల, సిమెంటు మీద గిర్రున తిరగడానికి. లోపల నీళ్లు రాకుండా ఒక పొర. ఇన్ని సదుపాయాలు పెట్టాక చూస్తే అది షూలా కాకుండా, ఎవరో చిన్న పడవకి తాళ్లు కట్టినట్టుంది. అసలు ఆ షూ కష్టం కూడా మనం అర్థం చేసుకోవాలి. మట్టిలో గట్టిగా పట్టుకోవాలి, సిమెంటు మీద అడగగానే వదిలేయాలి. వదలకపోతే తిరిగే ఒంటికీ తిరగని పాదానికీ మధ్య మోకాలు నలిగిపోతుంది. పట్టుకోవాల్సినప్పుడు పట్టుకుని వదలాల్సినప్పుడు వదిలే గుణం మనుషుల్లోనే కరువు, ఒక జత షూ నుంచి ఆశించాను.

ఇక్కడి నుంచి తప్పు నాది, ఒప్పుకుంటున్నాను. నా కాలు తొమ్మిది నంబరు. తొమ్మిదిలో మిగిలింది ఒకే రంగు. రాత్రిపూట రోడ్డు తవ్వేవాళ్లు వేసుకునే జాకెట్లు ఉంటాయే, ఆ రంగు. నలుపు తొమ్మిదిన్నరలో ఉంది. పడవ ఎలాగూ తప్పదు, కనీసం నల్ల పడవ అయితే దూరానికి షూలా కనబడుతుంది కదా అనుకున్నాను. అర నంబరే కదా, లేసు బిగిస్తే సరి.

లేసు బిగించలేదు. వీటికి ముడి వేసే లేసు ఉండదు. సన్నటి తాడు, దాన్ని లాగి ఒక బిళ్లతో బిగించాలి, పైన మూత కప్పాలి. గట్టిగా లాగితే ఆ మూత ఉబ్బి, షూ నెత్తిన బొప్పి కట్టినట్టు కనబడుతోంది. కొంచెం వదిలితే చదునుగా, చక్కగా ఉంది. అద్దం ముందు రెండు రకాలుగానూ చూసుకున్నాను. చక్కగా ఉన్నదానికే ఓటేశాను. పని కోసం కొన్న వికారాన్ని అందం కోసం పాడుచేసుకున్నవాడు నాకు తెలిసి నేనొక్కడినే.

మొదటి పదకొండు హోళ్ల (ఒక్కో బుట్టకి ఒక్కో హోలని లెక్క) గురించి చెప్పుకోవడానికేం లేదు. పోయిన డిస్కు ఒకటి, దొరికిన డిస్కు ఒకటి, రెండూ నావే.

పన్నెండో హోలు. ముందు రోజు వాన పడింది. టీ ప్యాడ్ అంటే మొదటి విసురు విసిరే సిమెంటు పలక. దాని ముందు చివర కాస్త కుంగి, అక్కడ బురద నీళ్లు నిలిచాయి. బావ విసిరేశాడు. బొటనవేలు ఒకసారి బురదలో ముంచి తీశాడు, డిస్కు దారి మధ్యలో పడింది. మా మేనల్లుడు ఫోను పట్టుకుని పక్కన నిలబడ్డాడు, మామయ్య కొత్త షూలో ఎలా విసురుతాడో వీడియో తీస్తానని.

నడక మొదలుపెట్టాను. కుడి, ఎడమ, కుడి. ఆ మూడో అడుగు, అంటే ఒంటి బరువంతా మోయాల్సిన అడుగు, సరిగ్గా ఆ కుంగిన చోట పడింది. షూ తన ధర్మం తాను నెరవేర్చింది. గాళ్లన్నీ బురదలో దిగి పునాది రాయిలా కూర్చున్నాయి. తిరగడానికి పెట్టిన గుండ్రటి బిళ్ల బురద కింద ఎక్కడో ఉంది, తిరగమని దానికి చెప్పేవాళ్లు లేరు. నడుం తిరిగింది. భుజం తిరిగింది. చెయ్యి కొరడాలా వచ్చింది. మోకాలు పాపం ఒక్క క్షణం ఆలోచించింది, పైవాళ్లతో వెళ్లాలా, కింద షూతో ఉండిపోవాలా అని. అప్పుడు ఆ అర నంబరు ఖాళీ, ఆ వదులు తాడు కలిసి మోకాలికి ఒక దారి చూపించాయి. మడమ పైకి లేచింది. కొత్త షూ కదా, లోపలంతా నున్నగా ఉంది. పాదం కుబుసం విడిచినట్టు విడిచింది. చూసినవాళ్లు చెప్పేదేమిటంటే నేను తెల్ల సాక్సుతో ఒకటిన్నర చుట్టు తిరిగి, ఎవరికో వీడ్కోలు చెబుతున్నట్టు చెయ్యి ఊపుతూ పొదలోకి వెళ్లానట.

షూ కదల్లేదు. ఇది ప్రత్యేకంగా చెప్పాలి. నేను పొదలోంచి తల తిప్పి చూసేసరికి అది టీ ప్యాడ్ మీద ఒంటరిగా, నిటారుగా, ముక్కు సరైన కోణంలో పెట్టుకుని నిలబడి ఉంది. కోచ్‌లు బొమ్మలు గీసి మరీ నేర్పే భంగిమ అది, కుడి కాలు ఎక్కడ పాతుకోవాలి, ఎంత పక్కకి తిరిగి ఉండాలి, అంతా. ఇన్నేళ్లుగా నాకు కుదరని ఫారం, నేను తప్పుకోగానే షూకి కుదిరింది. మేనల్లుడు పొదవైపు రాలేదు. షూ దగ్గరకి వెళ్లి దాని ఫొటో తీశాడు.

నా బాధ అది కాదు. డిస్కు. ఆ డిస్కు నా చేతిలోంచి ఎప్పుడూ వెళ్లనట్టు వెళ్లింది. చెట్ల మధ్య సందులోంచి చల్లగా సాగి, చివర్లో ఎడమకి వాలి, బుట్టకి నాలుగడుగుల దూరంలో పిల్లిలా పడుకుంది. నా జీవితంలో అంత మంచి విసురు లేదు. పొదలోంచే అరిచాను, "బావా! చూశారా!" అని.

"చూశాన్రా," అన్నాడు బావ. "ఫుట్ ఫాల్ట్."

ఒరేయ్ దెబ్బ తగిలిందా అని కాదు. లే అని చెయ్యివ్వడం కాదు. ఫుట్ ఫాల్ట్! రూల్సు ఆయనకి కంఠతా వచ్చు. డిస్కు చెయ్యి వదిలే క్షణంలో ఆటగాడి శరీరంలో నేలను తాకుతున్న భాగాన్ని సపోర్టింగ్ పాయింట్ అంటారు. టీ మీద అలాంటిది కనీసం ఒక్కటైనా ఉండాలి, ఉన్నవన్నీ టీ లోపలే ఉండాలి. వదిలేశాక నువ్వు పొదలో పడు, చెరువులో పడు, ఎవరికీ అభ్యంతరం లేదు.

"షూ టీ మీదే ఉంది కదా!" అన్నాను.

"షూ ఉంది. కాలేది? కాలు లేని షూ శరీరంలో భాగం ఎలా అవుతుంది? అప్పుడది సామాను."

వీడియో తీయించి చూశాం. నెమ్మదిగా నడిపిస్తే, డిస్కు వదిలే క్షణంలో నా మడమ బయట ఉంది, వేళ్లు లోపల ఉన్నాయి. వేళ్లు లోపలున్నాయి కాబట్టి చెల్లుతుందన్నాను. లోపలున్నాయి గానీ అడుగుకి ఆనుకున్నట్టు కనబడటం లేదన్నాడు. లోపలున్నది ఎలా కనబడుతుంది బావా, అది షూ, చేపల తొట్టి కాదు అన్నాను. సరే, కుడి కాలు వదిలెయ్, ఎడమ కాలు చూద్దాం అన్నాడు. కాలికి వేస్తే మెడకి, మెడకి వేస్తే కాలికి అంటారు. ఈయన కుడి కాలికి వేస్తే ఎడమ కాలికి వేస్తాడు.

కానీ ఎడమ కాలి మాట వినగానే నాకు ప్రాణం లేచొచ్చింది. వెనక కాలి కొస సిమెంటు మీద గీరుకుంటూ వస్తుందని పైన చెప్పానుగా, ఆ కొస టీ మీద ఉంటే చాలు, విసురు చెల్లినట్టే. వీడియోలో ఎడమ కాలి కొస దగ్గరకి జరిపి చూశాం. దానికి అడ్డంగా ఏముందో చెప్పుకోండి. కుడి కాలి షూ! నిటారుగా, సరైన కోణంలో.

అయినా వదల్లేదు నేను. ఒంటికాలి మీద నిలబడి ఎడమ షూ విప్పి ఆయన ముక్కు కింద పెట్టాను. రబ్బరు తొడుగు మీద పచ్చిగా, బొగ్గుతో గీసినట్టు ఒక గీత, దానికి అంటుకుని సిమెంటు పొడి. "ఇదిగో బావా సాక్ష్యం. నేల తాకకపోతే ఈ గీత ఎక్కడిది?"

బావ షూని వెలుతురులో అటూ ఇటూ తిప్పి, వేలితో గీత మీద రాసి, వాసన కూడా చూశాడేమో అనిపించింది. "ఇది ఐదో హోలుది కాదని గ్యారంటీ ఏంటి?" అన్నాడు.

బొటనవేలు మళ్లీ తొంగి చూసింది. అది నవ్వినట్టు నాకు ఇప్పటికీ అనుమానం.

అలా ఆ హోలు ఏమైందో, చివరికి ఎవరు గెలిచారో రాయను. ఆడలేక మద్దెల ఓడు అంటారని తెలుసు. మిగతా ఆరు హోళ్లూ బురద నీళ్లలో తడిసిన సాక్సు మీద ఆ నీళ్లు రాని షూ వేసుకునే ఆడాను. నీళ్లు లోపలికి రానివ్వదన్నారు, నిజమే. లోపల ఉన్నవాటిని బయటికి పోనివ్వదని అప్పుడు తెలిసింది. ఆవిరైతే నెమ్మదిగా పోనిస్తుందట, అది కూడా అట్టపెట్టె మీదే రాసి ఉంది. నేను నీళ్లు ఆవిరయ్యేదాకా ఆగలేను కదా. బుట్టలో వేయడానికి ఊపిరి బిగబట్టి నిలబడితే, బరువు ఒక కాలి నుంచి ఇంకో కాలికి మార్చగానే "పచక్" అనేది. అలా ప్రతి పుట్‌కీ ఒక పచక్. మేనల్లుడు అది కూడా రికార్డు చేశాడు.

రాత్రి ఇంటికొచ్చి కంపెనీకి మెయిలు పెట్టాను, నంబరు మార్చి ఇవ్వమని. ఆ రోడ్డు జాకెట్టు రంగైనా ఫర్వాలేదని కూడా రాశాను. ఫొటోలు పంపమన్నారు. కడిగి, తుడిచి, నాలుగు వైపుల నుంచీ తీసి పంపాను. పొద్దున్నే జవాబొచ్చింది. క్షమించాలి, వాడిన షూ వెనక్కి తీసుకోం, ఎడమ కాలి ముక్కు మీదున్న గీతను బట్టి వీటిని గట్టి నేల మీద విసరడానికి వాడినట్టు స్పష్టంగా తెలుస్తోంది అని.

గట్టి నేల మీద. స్పష్టంగా.

ఆ మెయిలును వెంటనే బావకి వాట్సాప్‌లో పంపించాను. చూసినట్టు నీలం టిక్కులు పడి రెండు గంటలైంది. షూ బాల్కనీలో ఆరేశాను, కుడిది ఇంకా కారుతోంది.