స్టీమ్ బాత్ ఉందట, స్క్వాట్ ర్యాక్ సంగతి మాత్రం అడక్కూడదట

ఇప్పుడే ఒక జిమ్ వాళ్ళ ఫోన్ పెట్టేశా. నెలకైతే 4,000 అంట, ఏడాదికైతే 14,000 అంట, పైన మూడు నెలలు ఫ్రీ అంట, ఈ ఆఫర్ ఇవాళ రాత్రి పన్నెండింటితో ఆఖరంట. పోయిన నెల కూడా ఇలాగే పన్నెండింటితో ఆఖరైంది, అది వేరే సంగతి. సరే నాయనా, మీ దగ్గర స్క్వాట్ ర్యాకులు, అదే భుజాల మీద బరువుతో కూర్చుని లేచేందుకు ప్లేట్ల రాడ్డు ఆనించే స్టాండులు, ఎన్ని అనడిగితే "స్టీమ్ బాత్ ఉంది మేడమ్" అన్నాడు. డంబెల్స్ ఎంత బరువు దాకా ఉన్నాయి అంటే "లేడీస్‌కి జుంబా సపరేట్ బ్యాచ్ మేడమ్" అన్నాడు. నేను ఇనుము గురించి అడుగుతుంటే ఆ అబ్బాయి ఆవిరి గురించి చెప్తాడేంటి!

జిమ్‌లో చేరాలా, ఇంట్లో చేసుకోవాలా అని ఇన్‌బాక్స్‌లో అడిగే వాళ్ళందరికీ ఇక్కడే చెప్పేస్తున్నా. బలం రావాలంటే ఎత్తే బరువు పెరుగుతూ పోవాలి. 20 కిలోలతో ఇవాళ ఎనిమిది సార్లు చేశారా, తర్వాత తొమ్మిది, పది. పన్నెండు దాకా చక్కగా వచ్చాక బరువు రెండున్నర కిలోలు పెంచి మళ్ళీ ఎనిమిది నుంచి మొదలు. అలా ఆగకుండా చేసే ఒక్కో విడతే ఒక సెట్టు. మూడేసి సెట్లు, సెట్టుకీ సెట్టుకీ మధ్య రెండు మూడు నిమిషాలు ఆగడం, చేసింది ఒక నోటు పుస్తకంలో రాసుకోవడం. విద్య మొత్తం ఇంతే. ఇది ఎక్కడ సాగితే అదే మంచి చోటు. గోడ మీద సింహం బొమ్మా, ఎర్ర లైట్లూ మీ తొడలకి ఏ సాయమూ చెయ్యవు.

ఇప్పుడు జిమ్ వాళ్ళ సంగతి. డబ్బు కట్టే ముందు మీరు వెళ్ళే టైముకే వెళ్ళి చూడండి, మధ్యాహ్నం మూడింటికి వాళ్ళు రమ్మన్నప్పుడు కాదు. మధ్యాహ్నం ఏ జిమ్ అయినా పెళ్ళి అయిపోయాక ఫంక్షన్ హాల్ లాగే ఉంటుంది. సాయంత్రం ఏడింటికి ర్యాక్ ఒక్కటుండి దాని ముందు అయిదుగురుంటే, ఆ ఏడాది మీకు రాసిపెట్టింది ట్రెడ్‌మిల్లే. బార్‌ని, అంటే ప్లేట్లెక్కించే ఆ పొడుగు రాడ్డుని, నేల మీద దొర్లించి చూడండి, వంకర ఉంటే అక్కడే తెలిసిపోతుంది. అసలైన ఒలింపిక్ బార్ 20 కిలోలు, ఆడవాళ్ళది 15, ప్లేట్లు ఎక్కే చివరలు 50 మిల్లీమీటర్ల మందం. "బార్ బరువు లెక్కలోకి రాదు మేడమ్" అనే ట్రైనర్ ఉంటే ఒక దండం పెట్టి వచ్చేయండి. కిలోంపావు ప్లేట్లు ఉన్నాయా అని అడగండి, రెండు వైపులా ఒక్కోటి వేస్తేనే ఆ రెండున్నర కిలోలు పెరిగేది. నవ్వుతారు. నవ్వనివ్వండి. చాలా చోట్ల డంబెల్స్ 5 తర్వాత నేరుగా 7.5 ఉంటాయి. అంటే ఒక్కసారిగా యాభై శాతం ఎక్కువ. చేతులు పక్కకెత్తే భుజాల వ్యాయామంలో ఆ గెంతు ఎవరూ గెంతలేరు. నడుము ఊపి ఎత్తుతారు, భుజం పట్టేస్తుంది, "బరువులు నాకు పడవు" అని మానేస్తారు. పడనిది బరువు కాదండీ, ఆ మధ్యలో లేని కిలో.

ఇంకోటి, స్మిత్ మెషీన్ చూపించి అదే స్క్వాట్ ర్యాక్ అంటారు. అందులో బార్ పట్టాల మీద పోతుంది, తూలకుండా నిలబెట్టే పని మెషీనే చేసేస్తుంది. పనికిరాదని కాదు గానీ దాని మీద 60 ఎత్తిన వాళ్ళు విడి బార్ మీద 40కే వణికితే ఆశ్చర్యపోకండి.

డబ్బు లెక్క కూడా చూద్దాం. 14,000 కట్టి 150 సార్లు వెళ్తే పూటకి 93 రూపాయలు, బంగారం లాంటి బేరం. జనవరిలో చేరి ఉగాదికి మానేసి 30 సార్లతో సరిపెడితే పూటకి 467. చేరిన వాళ్ళందరూ ఒకేసారి వస్తే లోపల నిలబడ్డానికి చోటుండదు, ఆ సంగతి వాళ్ళకి మనకంటే బాగా తెలుసు. అన్నట్టు 2025 సెప్టెంబర్ 22 నుంచి జిమ్ ఫీజు మీద జీఎస్టీ 18 నుంచి 5 శాతానికి దిగింది. మీ జిమ్‌లో ఎంత తగ్గిందో కామెంట్లో చెప్పండి, నవ్వుకుందాం. ఊరెళ్తే, ఒంట్లో బాలేకపోతే సభ్యత్వం ఎన్నాళ్ళు ఆపుకోవచ్చు, జిమ్ మూతపడినా వేరే చోటికి మారినా డబ్బు వెనక్కిస్తారా, ఇవి కాగితం మీద రాసివ్వమనండి. నోటి మాట అయితే అక్కడే మరిచిపోండి. గొడవైతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది.

అయితే ఇల్లే మేలు అని ఎగరకండి, ఇంటి సామాన్లు అమ్మేవాళ్ళు ఇంకో రకం. "20 కిలోల కాంబో, రాడ్లు, గ్లౌజులు, తాడు ఫ్రీ" అని వస్తుంది చూడండి, అందులో ప్లేట్లు ప్లాస్టిక్ డొల్ల, లోపల సిమెంటు. ఇనుము సాంద్రతలో కాంక్రీటుది మూడో వంతు, కాబట్టి అదే బరువుకి ప్లేటు మూడింతలు లావుంటుంది. రాడ్డు మీద నాలుగు ఎక్కించేసరికి చోటు అయిపోతుంది. నాలుగుసార్లు నేలకి తగిలితే అతుకు విచ్చుకుని గదంతా బూడిద. పోత ఇనుపవి కొనండి, దుకాణంలోనే తూకం వేయించండి, 5 అని రాసున్నది నాలుగున్నర తూగడం మామూలే. రాడ్డు సంగతి ఇంకా ఘోరం. 28 మిల్లీమీటర్ల ఘనమైన రాడ్డు అయిదడుగులది ఏడు కిలోల పైచిలుకు తూగాలి. అయిదు కూడా తూగలేదంటే లోపల గొట్టం, 50 కిలోలకే విల్లు అయిపోతుంది. మూడడుగుల రాడ్డు బైసెప్స్‌కి సరే, స్టాండు మీద ఆనదు. స్ప్రింగు క్లిప్పులు చెమట చేతితో జారతాయి, మరచుట్టు ఉండి రబ్బరు వాషరున్న నట్లు తీసుకోండి, ప్రతి సెట్టుకీ ముందు ఒకసారి బిగించండి.

మొదటి ఆరు నెలలకి ఏం కావాలంటే, 14 అంగుళాల డంబెల్ రాడ్లు రెండు, 5 కిలోలవి నాలుగు, రెండున్నరవి నాలుగు, కిలోంపావువి నాలుగు. ప్లేట్లన్నీ కలిపి 35 కిలోలు. రాడ్డుతో ఒక్కో డంబెల్ 19 కిలోల దగ్గరికొస్తుంది. దీనితో భుజాలు, ఛాతీ, వీపు, చేతులు చాలాకాలం నడుస్తాయి. కాళ్ళ దగ్గరే ఇల్లు ఓడిపోతుంది. రెండు డంబెల్స్ కలిపినా 38, ఆరోగ్యంగా ఉన్న కుర్రాడి తొడలకి అది కొన్ని నెలల్లో పిల్లలాట. అప్పుడు వెనక కాలు మంచం మీద పెట్టి ఒంటికాలి స్క్వాట్లు, కిందికి మూడు లెక్కపెడుతూ నెమ్మదిగా దిగడం. అదీ చాలకపోతే నిజంగానే ర్యాకున్న జిమ్‌కి పొండి, నేనే పంపిస్తా.

అసలేమీ కొనకముందే మొదలెట్టొచ్చు కూడా. 2022 జూలైలో 25 కిలోల దాకా ప్యాకింగ్ బియ్యం మీద జీఎస్టీ వేస్తే మన బస్తా కాస్తా 26 కిలోలైంది. ఆ బస్తా విప్పకముందు ఛాతీకి హత్తుకుని మూడు సెట్లు కూర్చుని లేవండి. ప్రభుత్వం ఒక కిలో అదనంగా ఇచ్చిందనుకోండి.

పులప్స్ బార్, అదే వేలాడి ఒంటిని పైకి లాక్కునే కడ్డీ, దాని గురించి గట్టిగా చెప్తున్నా. గుమ్మంలో తిప్పి బిగించే రకం చెక్క ద్వారబంధంలో జారుతుంది, వెల్లకిలా పడితే తల గడపకి తగులుతుంది. గోడకి బిగించే రకమే మంచిది. కానీ చాలా కొత్త అపార్ట్‌మెంట్లలో గోడలు తేలిక ఇటుకలే, మామూలు బోల్టు వేస్తే ఇటుకతో సహా ఊడొస్తుంది. కాంక్రీటు బీమ్‌లోకో పిల్లర్‌లోకో 10 మిల్లీమీటర్ల యాంకర్ బోల్టులు నాలుగు. డ్రిల్లు కొట్టినప్పుడు బూడిదరంగు గట్టి పొడి వస్తే కాంక్రీటు, తెల్లగా మెత్తగా సులువుగా దిగిపోతే ఆపేయండి. ఇక కింది ఇంటివాళ్ళు "స్లాబ్ కూలిపోతుంది" అంటారు. ఇంటి స్లాబు చదరపు మీటరుకి 200 కిలోల బరువు లెక్కేసి కడతారండీ, మీ 35 కిలోల ప్లేట్లకి కూలేదైతే గృహప్రవేశం రోజే కూలేది. పగిలేది టైలు, అదీ పడేస్తేనే. 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ ముక్క, పైన 15 మిల్లీమీటర్ల రబ్బరు మ్యాట్ వేసి నెమ్మదిగా దించండి. విశాఖ, కాకినాడ వాళ్ళు వారానికోసారి కుట్టుమిషను నూనె గుడ్డతో రాడ్డు తుడవండి, ఉప్పుగాలికి క్రోమ్ పూత ఆగదు.

అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్ జిమ్ ఉందిగా అనకండి. రెండు ట్రెడ్‌మిల్లులు, ఒకదాని మీద "పనిచేయదు" కాగితం, 7.5 డంబెల్ ఒక్కటి, దాని జోడీ ఏ ఫ్లాటులో తలుపుకి అడ్డంగా ఉందో ఆ దేవుడికే తెలియాలి.

కానీ నాకు మండింది వీటికి కాదు. "లేడీస్‌కి జుంబా" అన్నాడే, దానికి. ఏ జిమ్‌కి వెళ్ళినా ఇదే పాట. ఆడమనిషి కనిపించగానే చేతిలో రెండు కిలోల గులాబీ డంబెల్ పెట్టి అద్దం ముందు నిలబెడతారు. రాడ్డు ముట్టుకుంటే "మగాళ్ళలా అయిపోతారు మేడమ్". పదేళ్ళుగా ముక్కుతూ మూలుగుతూ ఎత్తుతున్న మగాళ్ళకే ఆ కండలు రావట్లేదు, మాకు నెలలో వచ్చేస్తాయా! శ్రీకాకుళం జిల్లా నుంచి వెళ్ళిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో స్నాచ్ (ఒకే ఊపులో తలపైకి) 110, క్లీన్ అండ్ జెర్క్ (ముందు భుజాల దాకా, తర్వాత తలపైకి) 130, మొత్తం 240 కిలోలెత్తి ఒలింపిక్ పతకం తెచ్చింది. ఆవిడ పుట్టిన నేల మీద నిలబడి నాకు జుంబా అమ్ముతున్నారు. ఇంట్లో మాత్రం గ్యాస్ బండ ఎవరు దొర్లిస్తారు? గ్యాసే 14.2 కిలోలు, బండతో కలిపి 30 దగ్గర. అప్పుడెవరూ "ఆడవాళ్ళు బరువులెత్తకూడదు" అనరే!

అమ్మల సంగతైతే ఇంకా అన్యాయం. మోకాళ్ళ నొప్పంటే వాకింగ్, షుగరంటే వాకింగ్, నెలసరి ఆగాక ఎముకలు గుల్లబారుతున్నాయన్నా వాకింగే. ప్రపంచ ఆరోగ్య సంస్థ వారానికి కనీసం రెండు రోజులు కండరాలకి బలమిచ్చే పని చెయ్యమని పెద్దలందరికీ చెప్తోంది, ఆ ముక్క ఏ వాట్సాప్ గ్రూపులోనూ తిరగదు. "మన పాత బస్కీలు చాలవా" అనే పెద్దమనుషులకి కూడా ఒక మాట. పాత తాలింఖానాల్లో, అంటే అప్పటి వ్యాయామశాలల్లో, దండీలు, బస్కీలతో ఆపలేదండీ, తిప్పడానికి బరువైన కర్లాకట్టలు, ఎత్తడానికి సంగిడీలు ఉండేవి. అవీ బరువులే.

అమ్మకి జిమ్ అక్కర్లేదు, ఇల్లే చాలు. చేతుల్లేని గట్టి కుర్చీ గోడకి ఆనించి, చేతులు ఛాతీ మీద పెట్టి లేచి కూర్చోవడం ఎనిమిదేసి సార్లు మూడు సెట్లు. మోకాలు నొప్పంటే దిండు వేసి ఎత్తు పెంచండి, కుదిరాక దిండు తీసేయండి. పన్నెండు దాకా వచ్చాక అయిదు లీటర్ల నూనె క్యాన్ పట్టుకుని లేవాలి, నాలుగున్నర కిలోలుంటుంది. గోడకి పుషప్స్, అవి తేలికయ్యాక వంటగది గట్టుకి. దివాన్ మీద ఒక చెయ్యి ఆనించి రెండో చేత్తో డంబెల్ నడుము దాకా లాగడం. లేచేటప్పుడు ఊపిరి వదలాలి, బిగబట్టకూడదు, బీపీ ఉంటే మరీ ముఖ్యం, మందులు వాడుతుంటే డాక్టరుకి చెప్పి మొదలెట్టండి. సోమ, గురువారాలు, పూటకి అరగంట. ఆవిడ కోసం కొనేదైనా పోత ఇనుపదే కొనండి. రంగు బాగుందని గులాబీ ప్లాస్టిక్‌ది పట్టుకొచ్చి ఇక్కడ ఫొటో పెట్టారంటే బ్లాక్ చేస్తా.